ఆంగ్ల పురుషవాచక సర్వనామముల విభక్తులు – అభిహితత్వ విచారము

సంస్కృతమున అస్మచ్ఛబ్దమునకు ఏడు విభక్తులయందును మూడు వచనములయందును కలిపి 21 రూపములు. వీనికి తోడు మా, మే, నౌ, నః అను ఆదేశరూపములు కలవు. శబ్దమంజరి చేతబట్టిన విద్యార్థి కొలది దినములలోనే వీనినన్నిటిని తడుముకొనకుండ అప్పగింపగలడు. ఆంగ్లమున అదే ఉత్తమపురుష సర్వనామమునకు రూపములు 8 మాత్రమే: ‘ఐ’, ‘మి’, ‘మై’, ‘మైన్’, ‘వి’, ‘అస్’, ‘అవర్’, ‘అవర్స్’. ఇరువదియొక్క రూపములలో తడబడని విద్యార్థి ఈ యెనిమిదింటిలో తడబడుచున్నాడు. ‘నాతో రమ్ము’ అనుటకు ‘కమ్ విత్ మై’ అనియు, ‘నేను తప్ప అందఱును వెళ్లిరి’ అనుటకు ‘ఆల్ వెంట్ ఎక్సెప్ట్ ఐ’ అనియు వ్రాయుచున్నాడు. ఆ పత్రమును దిద్దు ఆంగ్లోపాధ్యాయుడు వీనికి వ్యాకరణము రాదని తేల్చును. అది న్యాయమైన తీర్పు కాదు. వ్యాకరణము రాకపోవుటచేత కలిగిన దోషములు కావివి. వచ్చిన రెండు వ్యాకరణములను మూడవదానిపై ఆరోపించుటచేత కలిగినవి.

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమయందు ఈ విషయము మఱింత విచారణీయము. ముక్కామల, వ్యాఘ్రేశ్వరము వంటి అగ్రహారములు వేదాధ్యయనమునకు పేరుగన్నవి. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో సంస్కృతమును ముందు, ఆంగ్లమును తరువాత నేర్చిన కుటుంబములు తరతరములుగా నున్నవి. ఇట్టివారికి ఆంగ్లమును నేర్పునప్పుడు నెస్‌ఫీల్డు పట్టికనో, రెన్, మార్టిన్‌గారల పట్టికనో ముందుంచి ‘నామినేటివ్, పొసెసివ్, అబ్జెక్టివ్’ అని వల్లింపజేయుట వాడుక. పట్టిక వచ్చును, ప్రయోగము రాదు. ఏ రూపము ఎచ్చట నిలుచునో పట్టిక చెప్పదు. దానిని చెప్పునది కారక ప్రకరణము. అది ఈ విద్యార్థులకు ముందే తెలిసినది.

మొదట రూపముల సంగతి. ఆంగ్లము సంస్కృతమునకు దూరపు చుట్టమని 1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలో చేసిన ఉపన్యాసము తరువాత సాగిన పరిశోధనలు నిరూపించినవి. ఆ చుట్టఱికము సర్వనామములయందు నేటికిని కానవచ్చును. అహమ్ అను ప్రథమారూపమునకును మామ్, మయా, మమ మొదలగువానికిని ప్రకృతి వేఱైనట్లే ‘ఐ’ అనుదానికిని ‘మి’, ‘మై’ అనువానికిని ప్రకృతి వేఱు. వయమ్ – ‘వి’. త్వమ్ – ప్రాచీనాంగ్లపు ‘దౌ’. ఇవి ఒక్క మూలమునుండి వచ్చినవే. నపుంసకమున తత్ అను రూపము ప్రథమకును ద్వితీయకును సమానమైనట్లే ‘ఇట్’ కూడ రెండింట సమానము. తెలుగున సైతము ‘అది తెమ్ము’ అనినచో అమహద్వాచకమునకు ద్వితీయా ప్రత్యయము లేకుండుట కలదు కాని, ‘వాడు పిలువుము’ అనుట లేదు; ‘వానిని’ అనియే యనవలెను. తెలుగు వేఱొక భాషాకుటుంబమునకు చెందినది. ఆంగ్లముతో దానికి చుట్టఱికము లేకున్నను ఇచ్చట పోలిక కుదిరినది.

ప్రాచీనాంగ్లమున ద్వితీయాచతుర్థులకు వేర్వేఱు రూపములుండెడివి. కాలక్రమమున అవి కలిసిపోయినవి. ‘హిమ్’, ‘హర్’, ‘హూమ్’ అనునవి మొదట చతుర్థీరూపములే. నేడు అవియే కర్మకును సంప్రదానమునకును పనిచేయుచున్నవి. ‘హర్’ మఱియొక మెట్టు ముందుకు పోయి షష్ఠికిని పనిచేయును. ఇట్టి రూపసామ్యము సంస్కృతజ్ఞునకు క్రొత్త కాదు. తే, మే అనునవి చతుర్థీషష్ఠులకు, నః, వః అనునవి ద్వితీయాచతుర్థీషష్ఠులకు సాధారణములు. రూపమొక్కటియైనను అర్థమునుబట్టి విభక్తిని నిర్ణయించు అలవాటు వానికి కలదు. ‘యూ’ అను రూపము ప్రథమాద్వితీయలకు సమానమని చెప్పినపుడు వాడు వెఱగుపడడు. ఒకప్పుడు ‘యీ’ ప్రథమకును, ‘యూ’ ద్వితీయాదులకును వేఱుగా నుండి, తరువాత రెండవది మొదటిదాని స్థానమునాక్రమించినదని చెప్పిన చాలును.

చిక్కంతయు అర్థనిర్ణయమునందే యున్నది. సంప్రదాయమైన తెలుగు వ్యాకరణమున కొఱకు, కై అనునవి చతుర్థి. కి, కు అనునవి యొక్క, లో, లోపల అనువానితో కలిసి షష్ఠి. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము ఈ విభాగమునే స్థిరపఱచినది. బ్రౌను (1840), ఆర్డెను (1873) మొదలగు ఆంగ్లేయులు తమ తెలుగు వ్యాకరణములలో కి, కు ప్రత్యయమును ‘డేటివ్’ అనగా చతుర్థిగా గ్రహించిరి. ‘నాకు’ అను నొక్క పదము తెలుగు తరగతిలో షష్ఠి, ఆంగ్ల తరగతిలో చతుర్థి. విద్యార్థి రెండింటిని నమ్మును. పైగా సంస్కృతమున ‘మమ పుస్తకమస్తి’ అని షష్ఠియే. ఇక ‘నాకు పుస్తకము కలదు’ అనుదానిని ఆంగ్లీకరింపబూనినచో వానికి ‘మై’ తోచును, లేదా ‘మి’ తోచును. తోచవలసిన ‘ఐ’ మాత్రము తోచదు. ‘నాకు తెలియును’, ‘నాకు ఆకలిగా నున్నది’, ‘నాకు జ్వరము వచ్చినది’, ‘నాకు గోదావరి కనబడుచున్నది’: ఇవన్నియు ఇట్టివే. తెలుగు వీనియందు అనుభవించువానిని కర్తగా నిలుపదు. జ్వరము వచ్చును, గోదావరి కనబడును, తాను ‘నాకు’ అని ప్రక్కన నిలుచును. ఆంగ్లము ఆ ప్రక్కనున్నవానిని తెచ్చి ముందు నిలుపును: ‘ఐ నో’, ‘ఐ హావ్ ఫీవర్’, ‘ఐ సీ ది గోదావరి’.

విభక్తికి విభక్తిని సరిపెట్టుట తప్పుదారియని దీనివలన తెలియుచున్నది. దారి చూపునది పాణినీయమునందలి అభిహితత్వము. క్రియాప్రత్యయముచే ఏ కారకము చెప్పబడినదో అది అభిహితము, లేక ఉక్తము. అట్టిదానికి ద్వితీయాతృతీయాదులు రావు, ప్రథమ వచ్చును. కర్తరి ప్రయోగమున కర్త ఉక్తుడు, కర్మణి ప్రయోగమున కర్మ ఉక్తము. ఆంగ్లమునకును ఇదియే సూత్రము. క్రియ తన పురుషవచనములచే ఏ సర్వనామమును అనుసరించుచున్నదో దానికి ‘ఐ’, ‘హి’, ‘షి’, ‘వి’, ‘దే’. క్రియతోనో ప్రిపొజిషనుతోనో అన్వయించి అనభిహితమైన ప్రతి సర్వనామమునకును ‘మి’, ‘హిమ్’, ‘హర్’, ‘అస్’, ‘దెమ్’. నామవాచకముతో సంబంధము చెప్పుదానికి ‘మై’, ‘హిజ్’ మొదలగునవి. ‘గురువుచే నేను ప్రశంసింపబడితిని’ అనుచోట తెలుగు, సంస్కృతము, ఆంగ్లము మూడును ఏకవాక్యత వహించును: కర్మయే ఉక్తము గనుక నేను, అహమ్, ‘ఐ’. ‘నాకు తెలియును’ అనుదానిని ఆంగ్లమున వ్రాయువాడు ‘కు’ ప్రత్యయమునకు సమానమేదియని వెదకరాదు. ‘నో’ అను ఆంగ్లక్రియ ఎవరిని అభిధానము చేయునో విచారింపవలెను. ఎఱుగువానిని చేయును. కావున ‘ఐ’. ‘గివ్’ అను క్రియకు ఇచ్చువాడు ఉక్తుడు, పుచ్చుకొనువాడు అనుక్తుడు. కావున ‘నాకు ఇచ్చెను’ అనుచోట అదే ‘నాకు’ ‘మి’ యగును.

ప్రిపొజిషనుల యోగమున దోషములు తఱచు. తెలుగున నాతో, నాకొఱకు, నావలన, నాయందు, నావలె అనువానియందు ‘నా’ అను ఔపవిభక్తికరూపమే నిలిచియుండును. ‘నా పుస్తకము’ అనుచోటను అదే ‘నా’. ‘నా’ అనగా ‘మై’ అని మొదటి తరగతిలో నేర్చినవాడు ‘విత్ మై’, ‘ఫర్ మై’ అని వ్రాయుటలో వింత లేదు. ‘మమ కృతే’ అను సంస్కృతము ఆ దోషమునకు ఊతమిచ్చును. ‘మయా సహ’ అనుదానిని స్మరించినచో ఊతము సడలును. ఉపపదవిభక్తి అను మాట ఇచ్చట అక్కఱకు వచ్చును. సంస్కృతమున సహ శబ్దయోగమున తృతీయ, నమశ్శబ్దయోగమున చతుర్థి అని ఉపపదమునుబట్టి విభక్తి మాఱును. ఆంగ్లమున అన్ని ప్రిపొజిషనులకును విభక్తి యొక్కటే, ‘మి’ వర్గము. పాణినీయమును అభ్యసించినవానికి ఇంతకంటె సులభమైన ఉపపదవిభక్తి ప్రకరణము వేఱొకటి యుండదు.

ఇందు మూడు స్థలములు ప్రత్యేకముగా చూపదగినవి. ‘నేను తప్ప’, ‘నేను లేకుండ’ అనుచోట్ల తెలుగు ప్రథమను వాడును. ఆంగ్లమున ‘ఎక్సెప్ట్ మి’, ‘వితౌట్ మి’. ‘మాం వినా’ అను సంస్కృతము ఇచ్చట సరియైన త్రోవ చూపును. ‘నావలె’ అనుచోట సంస్కృతమే త్రోవ తప్పించును. ఇవ శబ్దయోగమున ఉపమానమునకు ఉపమేయ విభక్తియే గనుక ‘స అహమివ వదతి’ అని ప్రథమ. ఆంగ్లపు ‘లైక్’ ప్రిపొజిషనువంటిదగుటచే ‘హి స్పీక్స్ లైక్ మి’.

ఇక సముచ్చయము. ఆంగ్లము మాతృభాషగా గలవారు సైతము తప్పుచున్న స్థలమిది. ‘ది టీచర్ కాల్డ్ మై బ్రదర్ అండ్ ఐ’ అని వారిలో విద్యావంతులే పలుకుదురు. బాల్యమున ‘మి అండ్ మై బ్రదర్ వెంట్’ అన్నందులకు మందలింపబడినవారు, ‘అండ్’ తరువాత ‘ఐ’ యే సభ్యమని తలచి, తగనిచోట గూడ ‘ఐ’ ని నిలుపుదురు. షేక్స్పియరు ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’ నాటకమున ఆంటోనియో వ్రాసిన జాబులో ‘బిట్వీన్’ తరువాత ‘యూ అండ్ ఐ’ అను ప్రయోగము కలదు. దానిని ఆర్షప్రయోగముగా నెంచి నమస్కరింపవచ్చును; అనుకరింపరాదు.

తెలుగువానికి ఈ దోషము రానక్కఱలేదు. ‘గురువుగారు మా అన్నను, నన్ను అంతర్వేదికి తీసికొనిపోయిరి’ అని చెప్పునప్పుడు ప్రతి పదమును తన విభక్తిని తానే ధరించుచున్నది. ‘మా అన్నను, నేను తీసికొనిపోయిరి’ అని పశులకాపరి బాలుడైనను అనడు. సంస్కృతమున విషయము మఱియు సూక్ష్మము. అష్టాధ్యాయి యెనిమిదవ అధ్యాయము మొదటి పాదమున యుష్మదస్మత్తులకు తే, మే మొదలగు ఆదేశములను విధించి, వెంటనే పాణిని చ, వా, హ, అహ, ఏవ అనువానితో యోగము కలిగినపుడు వానిని నిషేధించెను. ‘ఏతద్గృహం తవ చ మమ చ’ అనియే యనవలెను. ‘తే చ మే చ’ అనరాదు. సముచ్చయమున సర్వనామము తన పూర్ణరూపముతో నిలువవలెనని దీని ఫలితము. ఆంగ్లవిషయము ఇదియే యని చెప్పుటకు వీలులేదు. అచ్చట మాఱునది విభక్తి, ఇచ్చట మాఱునది రూపము మాత్రమే. అయినను సముచ్చయస్థలము సర్వనామములకు జాగ్రత్త వహింపవలసిన చోటని పాణిని గుర్తించియుండుట గమనింపదగినది. ఆంగ్లమున పరీక్షోపాయము సులభము: తోడి పదమును తొలగించి చూడవలెను. ‘కాల్డ్ ఐ’ నిలువదు గనుక ‘కాల్డ్ మై బ్రదర్ అండ్ ఐ’ యు నిలువదు.

మాతృభాష ఇచ్చట రక్షించినది. భావార్థక కృదంతములందు అదే మోసగించును. ‘నేను వచ్చుట వారికి ఇష్టము లేదు’ అనుచోట తెలుగు ప్రథమను నిలుపును. ఆంగ్లమున ‘దే డిస్‌లైక్ ఐ కమింగ్’ అనరాదు. ‘మై కమింగ్’ అనవలెను. ‘మమ ఆగమనమ్’ అని స్మరించిన విద్యార్థికి దీనికి హేతువు గూడ తెలియును. కృదంతయోగమున కర్తకు షష్ఠిని పాణిని విధించియున్నాడు. నేటి వాడుకలో ‘మి కమింగ్’ అనియు వినబడును. వ్యావహారికమున అది తప్పుగా నెంచబడుట లేదు. శాస్త్రగ్రంథమును ఆంగ్లీకరించువారు షష్ఠినే వాడుట మేలు. వ్యాఖ్యానములలో భావార్థక కృదంతములకు కొదువ లేదు.

‘లెట్’ విషయమున దీనికి విపర్యయము. ‘గచ్ఛాని’, ‘గచ్ఛావ’ అను లోట్ ప్రయోగములందు అహమ్, ఆవామ్ అనునవి ఉక్తములు. వానిననుసరించి ‘లెట్ హి అండ్ ఐ గో’ అని వ్రాయుట కలదు. ‘వానిని, నన్ను పోనిమ్ము’ అను తెలుగే ఇచ్చట గురువు: ‘లెట్ హిమ్ అండ్ మి గో’. ‘లెట్’ అను క్రియకు ఉక్తుడు అనుమతించు మధ్యమపురుషుడు. పోవువారు దానికి కర్మలు.

షష్ఠిని గూర్చి విస్తరింప బనిలేదు. ‘ఇది నాది’ అనుచోట ‘మైన్’, ‘నా పుస్తకము’ అనుచోట ‘మై’. తెలుగే ఈ భేదమును పాటించుచున్నది. ‘యువర్స్’, ‘హర్స్’, ‘ఇట్స్’ అను షష్ఠీరూపములందు ‘ఎస్’ అను అక్షరమునకు ముందు నెత్తిమీది కొమ్ము పెట్టరాదు. ‘మా ఊరు’, ‘మా నాన్నగారు’ అనుటకు ‘అవర్ విలేజ్’, ‘అవర్ ఫాదర్’ అని వ్రాయుట మాత్రము కోనసీమవారి వ్రాతలో తఱచుగా కానవచ్చును. ఊరును, తండ్రిని ఒంటరిగా తనవని చెప్పుకొనుట తెలుగుమర్యాద కాదు. ఆంగ్లమునకు ఆ మర్యాద లేదు గనుక ఒక్కడు చెప్పునప్పుడు ‘మై’ యే యుక్తము. గౌరవమునకై ఏకవ్యక్తిని ‘వారు’ అనుటయు ఇట్టిదే. ఆంగ్లమున గురువెంతటివాడైనను ‘హి’, ‘హిమ్’.

‘ఇట్ ఈజ్ ఐ’ యా, ‘ఇట్ ఈజ్ మి’ యా అను వివాదము చాల కాలముగా నున్నది. సమానాధికరణమగు విధేయమునకు ప్రథమయే యనుట సంస్కృతమునకు సమ్మతము. ఆంగ్ల వ్యాకర్తలు లాటినుననుసరించి అట్లే విధించిరి. లోకము మాత్రము ‘మి’ అనియే పలుకుచున్నది. తలుపు తట్టి ‘ఐ’ అనువాడు నేడు ఆంగ్లదేశమున గూడ అరుదు. సంభాషణమున లోకమును, ‘ఇట్ వజ్ హి హూ...’ వంటి నియతరచనయందు శాస్త్రమును అనుసరించుట ఉచితము. ఇచ్చట తెలుగువానికి వేఱొక చిక్కు కలదు. ‘నేను పండితుడను’, ‘నేను విద్యార్థిని’ అనుచోట్ల విధేయమున చేరిన ను, ని అనునవి ద్వితీయా ప్రత్యయములవలె కానవచ్చును. అవి ద్వితీయ కావు. ఉత్తమపురుషను తెలుపు చిహ్నములు. ‘నీవు పండితుడవు’ అనుచోట ‘వు’ వచ్చుటయే దీనికి సాక్ష్యము. ‘విద్యార్థిని’ అను నొక్క మాట ‘నేను విద్యార్థిని’, ‘ఆ విద్యార్థిని పిలువుము’, ‘ఆమె విద్యార్థిని’ అని మూడు విధములుగా నుండుట బోధకులు చూపదగిన ఉదాహరణము.

తారతమ్యబోధకమగు ‘దాన్’ విషయమున ఆంగ్లము తక్కిన రెండు భాషలకంటె స్పష్టమైనదని అంగీకరింపవలెను. ‘అతడు నాకంటె నిన్ను ఎక్కువగా ఆదరించును’ అనుదానికి రెండర్థములు: నేను నిన్ను ఆదరించుదానికంటె అనియు, నన్ను ఆదరించుదానికంటె అనియు. ‘నాకంటె’, ‘మత్తః’ అనునవి రెండును ఈ భేదమును మఱుగుపఱచును. ఆంగ్లమున మొదటిదానికి ‘దాన్ ఐ’, రెండవదానికి ‘దాన్ మి’. అధ్యాహారమైన క్రియ ‘ఐ’ ని ఉక్తము చేయుచున్నది. లేదా ‘మి’ ని కర్మగా గ్రహించుచున్నది. ‘హి ఈజ్ టాలర్ దాన్ మి’ అని నేడు విస్తారముగా పలుకుదురు. అందు అర్థసందేహము లేదు గనుక దోషముగా పట్టుకొనుట అనవసరము. సందేహము కలుగుచోట అధ్యాహారమును విడిచి క్రియను వ్రాయుటయే మంచిది.

మిగిలినది ‘హూ’, ‘హూమ్’. ఇవి పురుషవాచకములు గాకున్నను విభక్తిభేదమును నిలుపుకొన్న సర్వనామములే. తెలుగున యచ్ఛబ్దము లేదు. ‘నేను చూచిన మనుష్యుడు’ అని ధాతుజవిశేషణముతో పని జరుగును. కనుక తెలుగు ఇచ్చట తోడ్పడజాలదు. సంస్కృతము పూర్తిగా తోడ్పడును. యచ్ఛబ్దమునకు లింగవచనములు పూర్వపదమునుబట్టియు, విభక్తి తన వాక్యమునందలి కారకమునుబట్టియు వచ్చును. ‘యం పురుషమహమపశ్యమ్’ – ‘ది మ్యాన్ హూమ్ ఐ సా’. ‘యః పురుషో మామపశ్యత్’ – ‘ది మ్యాన్ హూ సా మి’.

ఆంగ్లేయులే తఱచు తప్పు స్థలమొకటి యున్నది. ‘ఎవడు సాధువని తలచుచున్నానో అతడు’ అనుటకు ‘హూమ్ ఐ థింక్ ఈజ్ ఆనెస్ట్’ అని వార్తాపత్రికలలో గూడ కనబడును. ‘థింక్’ సకర్మకము గనుక ‘హూమ్’ ఉండవలెనని వారి భ్రాంతి. సంస్కృతమున ఇది రెండు విధములుగా చెప్పబడును. ‘యం సాధుం మన్యే’ అనినచో యచ్ఛబ్దము మన్యే క్రియకు కర్మ, ద్వితీయ. ‘యః సాధురస్తీతి మన్యే’ అనినచో మధ్య ఇతి శబ్దము నిలిచి లోపలి వాక్యమును వేఱుచేసినది, యచ్ఛబ్దము అస్తి క్రియచే ఉక్తము, ప్రథమ. ఆంగ్లమునను ఇంతే. ‘ఈజ్’ అను క్రియ లేనిచో ‘హూమ్ ఐ థింక్ ఆనెస్ట్’. ఉన్నచో ‘హూ ఐ థింక్ ఈజ్ ఆనెస్ట్’. ఆంగ్లమునకు ఇతి శబ్దము లేకపోవుటచేతనే ఈ తప్పు పుట్టినది. వ్రాయువాడు మనసులో ఇతిని పెట్టుకొని చూచినచో ‘ఐ థింక్’ తనంత తాను ప్రక్కకు తొలగి, ‘హూ’ ‘ఈజ్’ తో కలియును. ప్రశ్నవాక్యపు మొదట ‘హూమ్’ బదులు ‘హూ’ అనుట సంభాషణమున నేడు సర్వసాధారణము. ప్రిపొజిషను వెంటనే వచ్చు స్థలమున మాత్రము శిష్టమైన వ్రాతయందు ‘టు హూమ్’, ‘ఫర్ హూమ్’ అనియే యుండును.